మూడో నెల గండం

అక్టోబర్ 4, శనివారం

పిల్ల వచ్చింది. పేరు నాగరాణి. పదేళ్ళు. ఒక జిప్పు బ్యాగు, ఒక స్టీలు గ్లాసు. గ్లాసు ఎందుకు బిడ్డా, మా ఇంట్ల గ్లాసులున్నయి గదా అన్నాను. ఇది నాది అన్నది.

సంగారెడ్డి ఆఫీసు నుంచి రమ్య మేడం జీపులో తీసుకొచ్చింది. ఇది దత్తత కాదు, ఫోస్టర్ కేర్ అని మళ్ళీ చెప్పింది. పిల్ల మీ ఇంట్లనే పెరుగుతది గాని సర్కారు పిల్ల, కమిటీ వాళ్ళు మూడు నెలలకోసారి చూస్తరు, బాగుంటే ఉంచుతరు, లేకుంటే తీస్కపోతరు అన్నది. పదకొండు చోట్ల సంతకం పెట్టాను. ఒక్కొక్కటి చదివి వినిపించింది. కొట్టొద్దు. ఇంటి చాకిరీ చేయించొద్దు. బడి మాన్పించొద్దు. అడగకుండా రాష్ట్రం దాటించొద్దు. రాష్ట్రం దాటి మేం యాడికి పోతం మేడం, చర్చి దాటి పోయి రెండేండ్లయింది అని నవ్వాను.

పిల్ల తిండి, నిద్ర, చదువు ఎట్లున్నాయో రాసి పెట్టుకోమన్నది. నేను ఐదు వరకే చదివాను. రాయడానికి ఏముంది అని వెతికితే మా బిడ్డ కృప నోటుబుక్కులు దొరికాయి. అట్టలు వేసి లేబుళ్ళు అంటించినవి. అన్నిటిలో నాలుగైదు పేజీలు రాసింది, సోషల్ ఒక్కటే ఖాళీ. ఆ యేడు సోషల్ సారు ఆగస్టు దాకా రాలేదు. కృప ఆగస్టు దాకా ఉండలేదు. జూలైలో జ్వరం వచ్చింది.

ఆ బుక్కులోనే రాస్తున్నాను. ఇది మేడంకు చూపించేది కాదు. ఆమెకు వేరే రాస్తాను, తప్పుల్లేకుండా.

పొద్దున పిల్ల రాకముందు గోడ మీది కృప ఫోటో తీసేశాను. మీ పాపతోటి పోల్చొద్దమ్మా అని మేడం పోయినసారి చెప్పింది. పోల్చొద్దంటే ఎదురుగా ఉండొద్దు గదా. మా ఆయన యాకోబు నేను తీస్త అన్నాడు. వద్దని నేనే తీసి చీరల కింద పెట్టాను. ఆ మేకుకు చర్చి క్యాలెండర్ తగిలించాను.

అక్టోబర్ 6

రాణి ఇల్లంతా తిరిగి చూసింది, కిరాయికి ఇల్లు చూసేవాళ్ళ లాగ. బాత్రూం గొళ్ళెం పెట్టి తీసింది. బియ్యం డబ్బా మూత ఎత్తింది. క్యాలెండర్ దగ్గర కొంచెం ఆగింది.

ఇది నాలుగో ఇల్లు ఆంటీ, నీకు తెల్వదు గాని నాకంతా తెలుసు అన్నది. మొదటి నెల చికెన్ పెడ్తరంట. రెండో నెల ఆకుకూర. మూడో నెల ఎవరిదో పెండ్లి ఉంటదంట. నాలుగొద్దులు హాస్టల్ల ఉండు బిడ్డా, వచ్చి తీస్కపోతం అంటరంట. పెండ్లి అయితది, వాళ్ళు రారు అన్నది. ఇదంతా బస్సుల టైం చెప్పినట్టు చెప్పింది.

మా ఇంట్ల పెండ్లి లేదు అన్నాను. ఉంటది, చూడు అన్నది.

అప్పుడు నా చేతిలో పప్పుచారు గిన్నె ఉన్నది. సిగ్గేసింది.

అక్టోబర్ 10, శుక్రవారం

ప్రతి శుక్రవారం పిల్ల ఫోటో పంపాలి. ఉత్త ఫోటో కాదు, కింద ఊరు పేరు, టైం దానంతట అదే వచ్చే ఫోటో. దానికి మేడం ఫోన్లో ఏదో ఎక్కించి పోయింది.

యాకోబు ట్రాక్టర్ ఇంజన్ను కండ్లు మూసుకొని విప్పి మళ్ళీ బిగిస్తాడు. జహీరాబాద్ చుట్టూ ముప్పై ఊర్ల రైతులు ఆయన కోసం వస్తారు. ఫోన్ చేతికిస్తే మాత్రం పాము పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. మొదటి ఫోటోలో ఆయన బొటనవేలు. రెండో దాంట్లో రాణికి తల లేదు. పిల్ల ఏదమ్మా అని మేడం మెసేజ్ పెట్టింది. మూడోది రాణే చెయ్యి చాపి తీసుకున్నది.

అక్టోబర్ 18

రాణి మార్కులు వేస్తదట. ప్రతి ఇంటికి వందకు ఇన్ని అని. మా ఇంటికి ముప్పై నాలుగు.

పాస్ ముప్పై అయిదు గదా బిడ్డా అన్నాను. అవును అన్నది.

యాకోబు అన్నం తింటూ చాలాసేపు ఆలోచించాడు. కూరల ఉప్పు సరిగ్గ వేస్తే ఒక్క మార్కు పెరగదా శాంతా అన్నాడు.

అక్టోబర్ 21

ఎదురింటి సీతామహాలక్ష్మి గారు సున్నుండలు తెచ్చింది. వాళ్ళాయన ప్రసాదరావు గారు ఇక్కడ ఫ్యాక్టరీలో ఇంజనీరు, భీమవరం వైపు వాళ్ళు. మంచి మనిషి, కాని నోరు ఆగదు. రాణి ముందే, మా కృప దేవత అండీ, అలాంటి పిల్ల మళ్ళీ పుట్టదు అని కండ్లు తుడుచుకున్నది. రాణి సున్నుండ కొరుకుతూ నా మొహం చూసింది.

చర్చిలోనూ అంతే. రెండేండ్లుగా అందరూ దేవదూత, దేవదూత అంటారు. దేవదూత బెల్లం దొంగతనం చేసి ఎలుక మీద పెట్టేది. లెక్కల పరీక్ష రోజు కడుపునొప్పి తెచ్చుకునేది. నన్ను ఒకసారి కోతి అన్నది. ఇవన్నీ చెప్పబోతే అందరూ అయ్యో అని చెయ్యి పట్టుకుంటారు. చెప్పనియ్యరు.

నవంబర్ 2

రాణి బట్టలు ఇంకా బ్యాగులోనే. ఉతికి మడత పెడితే తీసుకుపోయి బ్యాగులో పెట్టి జిప్పు వేస్తది.

నవంబర్ 12

ఇవాళ కృప పుట్టినరోజు. ఎవరికీ చెప్పలేదు. రవ్వ కేసరి చేశాను. ఎందుకు చేసినవ్ అని రాణి అడగలేదు. రెండు గిన్నెలు తిన్నది.

నవంబర్ 20

పెండ్లి రానే వచ్చింది. రాయికోడ్‌లో మా ఆడబిడ్డ కొడుకుది, 28న. కార్డు చూడగానే బియ్యం డబ్బాలో దాచాను.

పొద్దున బియ్యం చెరుగుతుంటే రాణి వచ్చి, ఆంటీ బియ్యంల పెండ్లికార్డు ఉన్నది, నీది గాదా అని అడిగింది.

నవంబర్ 29

పెండ్లికి రాణిని తీసుకొని పోయాం. బ్యాగు కూడా వచ్చింది, ఎంత చెప్పినా వినలేదు. పెండ్లంతా ఒళ్ళో బ్యాగు పెట్టుకొని కూర్చున్నది. భోజనం బంతిలో కూడా. ఈ పిల్ల కట్నం తెచ్చినట్టున్నది అని మా ఆడబిడ్డ నవ్వింది. రాణి మూడుసార్లు తిన్నది, మూడుసార్లూ నేను పక్కనే ఉన్నానో లేదో చూసుకున్నది.

ఇంటికి వచ్చాక, చూసినవా, పెండ్లి అయింది, నువ్వు ఈడనే ఉన్నవు అన్నాను. ఇది లెక్కల రాదు ఆంటీ, మూడో నెల ఇంకా మొదలు కాలె అన్నది.

క్యాలెండర్ చూశాను. నిజమే. ఇంకా అయిదు రోజులున్నాయి.

డిసెంబర్ 15

చెన్నబసప్ప వచ్చాడు. న్యాల్‌కల్ అవతల, కర్ణాటక సరిహద్దు మీది ఊరు ఆయనది. ఏటా యాకోబు దగ్గర ట్రాక్టర్ బాగు చేయించుకుంటాడు, ఏటా ఎల్లమాసకు చేనుకు పిలుస్తాడు. ఆ అమావాస్యకు అందరూ చేనులో వండుకొని, పంటకు పెట్టి, తింటారు. హిందువులా, క్రైస్తవులా అని చూడరు, దారిన పోయేవాళ్ళను కూడా పిలిచి కూర్చోబెడతారు. కృపకు చిన్నప్పటి నుంచి అక్కడి భజ్జి కూర ఇష్టం. రెండేండ్లుగా మేం పోలేదు.

ఈసారి కూడా వద్దు అన్నా అని చెప్పబోయాను. భజ్జి అంటే ఏంది అని రాణి అడిగింది. చెన్నబసప్ప నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఏందక్కా, న్యాల్‌కల్ పక్కన ఉండుకుంట ఈ పిల్లకు భజ్జి తెల్వదా, ఇది పాపం గాదా అన్నాడు. చిక్కుడు, పచ్చి శనగలు, కందికాయలు, పల్లీలు, ఉన్న ఆకుకూరలన్నీ ఒక్క కుండలో వేస్తామని చెప్పాడు. రాణి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నది.

వస్తమన్నా అన్నాను. యాకోబు నా వైపు చూసి బయటికి పోయి చాలాసేపు పానాలు సర్దుకున్నాడు.

డిసెంబర్ 19, శుక్రవారం, పొద్దున ఆరు

సజ్జ రొట్టెలు చేశాను. ఇరవై. ఇద్దరు పెద్దలకు, ఒక పిల్లకు ఇరవై ఎందుకో నాకే తెలియదు.

డిసెంబర్ 19, సాయంత్రం

ఏం రాయాలి. మొదటి నుంచి రాస్తాను.

చేనుకు పోయాం. ఎండ మంచిగ కాచింది. చెన్నబసప్ప అయిదు రాళ్ళకు సున్నం పూసి, మీద జొన్నకర్రల గుడిసె కట్టి, దండం పెట్టుకున్నాడు. కొడుకులు కూర పట్టుకొని చేను చుట్టూ చల్లుతూ తిరిగితే రాణి వాళ్ళ వెనక ఉరికింది. మొదటిసారి బ్యాగు నా దగ్గర వదిలేసింది. బావి దగ్గర కూర్చొని తిన్నాం. కుడుములు, భజ్జి, అంబలి. రాణి మూతి అంతా కూర. నేను ఏడవలేదు. ఏడుస్తానని యాకోబు రెండు తువ్వాళ్ళు తెచ్చాడు, రెండూ చేతులు తుడుచుకోవడానికి పనికొచ్చాయి.

అప్పుడు శుక్రవారం ఫోటో గుర్తుకొచ్చింది. ఇంత మంచి ఫోటో మళ్ళీ రాదు అని యాకోబు రాణిని కుండ పక్కన కూర్చోబెట్టి తీశాడు. తల వచ్చింది, వేలు రాలేదు. సంబరపడి వెంటనే మేడంకు పంపాడు. రాణి ఫోన్ తీసుకొని కింద ఇంగ్లీషు చదివింది. చదివి నోట్లో కుడుము మింగి, ఆంటీ, మనం కర్ణాటకల ఉన్నం అన్నది.

బీదర్ జిల్లా, కర్ణాటక అని ఉన్నదట.

యాకోబు కొట్టిపారేశాడు. చెక్‌పోస్ట్ దాటలె, వాగు దాటలె, కర్ణాటక యాడికెళ్ళి వచ్చింది అన్నాడు. చెన్నబసప్పను అడిగితే, హౌదు హౌదు, చేను తెలంగాణల, బావి కర్ణాటకల, మా తాతల నుంచి అంతే అన్నాడు. గట్టు మీద ఒక రాయి చూపించాడు. జొన్న ఇటు, శనగ అటు. మేం శనగ వైపు కూర్చున్నాం. నీళ్ళు దగ్గర అని.

పదకొండు సంతకాల్లో ఒకటి నాకు అప్పుడు కండ్ల ముందుకొచ్చింది.

తీసెయ్యి, ఆ ఫోటో తీసెయ్యి అన్నాను. యాకోబు ఫోటో మీద వేలు పెట్టి అదిమి తీసేశాడు. పోయింది పోయింది అన్నాడు. రాణి చూసి, నీ ఫోన్ల నుంచి పోయింది కాకా, మేడం ఫోన్ల ఉన్నది అన్నది. ఇప్పుడు ఆయన ఫోన్లో ఫోటో లేదు కాబట్టి మేడం ఫోన్లోంచి తీసేయడానికి కూడా దారి లేదు.

దానికి యాకోబు ఇంకొక తెలివి చేశాడు. రాణి చెయ్యి పట్టుకొని గట్టు దాటి జొన్నలోకి ఉరికి, ఇంకొక ఫోటో తీసి పంపాడు. ఇది న్యాల్‌కల్ మండలం, తెలంగాణ. అయిదు నిమిషాల తేడా. అదే పిల్ల, అదే మూతి, అదే కూర.

బండి ఎక్కి ఇంటికి బయలుదేరాం. బ్యాగు మళ్ళీ రాణి ఒళ్ళోకి వచ్చింది.

డిసెంబర్ 20

మేడం ఫోన్ చేసింది. అయిదు నిమిషాలల్ల రెండు రాష్ట్రాలల్ల ఎట్లున్నరు శాంతమ్మా, విమానం ఎక్కిన్రా అని అడిగింది. జరిగింది చెప్పాను. కొంచెంసేపు నవ్వు ఆపుకున్నట్టు వినబడింది. తర్వాత గొంతు మారింది. ఫోటోలన్నీ పై ఆఫీసుకు కూడా పోతయమ్మా, నా చేతుల ఏం లేదు, వాళ్ళు చూసిన్రు అన్నది. రెండో ఫోటో పంపకపోతే తప్పు ఒక్కటే ఉండేదట. ఇప్పుడు దాచినట్టు కూడా అయిందట.

29న సంగారెడ్డిలో కమిటీ ముందుకు రావాలి. పిల్లను తీసుకొని. బట్టలతో సహా.

బట్టలతో సహా అంటే ఏంటని నేను అడగలేదు.

డిసెంబర్ 22

రాణి మాకు ట్యూషన్ చెబుతున్నది. కమిటీ ముందు ఎట్లా కూర్చోవాలి, ఏం మాట్లాడాలి. ఏడ్వొద్దట, ఏడిస్తే మనసు బాలేదని రాస్తారట. సొంత బిడ్డ లెక్క చూస్కుంటున్నం అని అస్సలు అనొద్దట. అందరూ గదే అంటరు ఆంటీ, వాళ్ళు రాసుకోనే రాసుకోరు అన్నది. కాకా తంబాకు నమలొద్దు, అడిగిన దానికే చెప్పాలె, ట్రాక్టర్ల గురించి మొదలు పెట్టొద్దు అన్నది.

యాకోబు రెండుసార్లు ఫెయిల్ అయ్యాడు. రెండుసార్లూ ట్రాక్టర్ల దగ్గరే.

నీకు భయం లేదా బిడ్డా అన్నాను. చలికాలం నయమే, స్వెట్టర్ తొడుక్కుంట, బ్యాగుల జాగ ఉంటది అన్నది.

డిసెంబర్ 25

పండుగ. చికెన్ వండాను. రాణి ప్లేటు చూసి, మొదటి నెల అయిపోయింది గదా, ఇప్పుడెందుకు అన్నది.

డిసెంబర్ 29, సోమవారం

మొదటి బస్సుకు పోయాం. చెన్నబసప్ప నేను సాక్షిని అని బస్టాండులో మా కంటే ముందే కూర్చున్నాడు. చంకలో చేను పాసుబుక్కు, చేతిలో పచ్చి శనగ కట్ట. కమిటీ వాళ్ళకట. వద్దన్నా అంటే, ఉత్త చేతులతోటి పోతరా అక్కా అన్నాడు. బయట జవాను దాన్ని ఆపేశాడు. కట్ట అక్కడే పెట్టి లోపలికి పోయాం.

నలుగురు కూర్చున్నారు. నడుమ తెల్ల జుట్టు పెద్దాయన. రెండు ఫోటోలు పెద్దగా ముద్రించి ముందు పెట్టుకున్నాడు. రాష్ట్రం దాటించొద్దని సంతకం పెట్టినరా అన్నాడు. పెట్టినం అన్నాను. మరి ఎందుకు దాటినరు అన్నాడు. యాకోబు గొంతు సవరించుకొని, సార్ ఆ చేనుకు పోవాలంటే ట్రాక్టర్ అని మొదలు పెట్టాడు. రాణి కాలు తొక్కింది. ఆగిపోయాడు.

చెన్నబసప్ప పాసుబుక్కు తెరిచి, మా ఎద్దులు దినాం ఇరవైసార్లు దాటుతయి సార్, వాటికి కూడా పర్మిషన్ కావాల్నా అన్నాడు. చివర కూర్చున్నామె నవ్వింది. పెద్దాయన నవ్వలేదు.

నేను అనుకున్నవన్నీ మరిచిపోయాను. సార్, రెండేండ్ల నుంచి నేను ఆ చేనుకు పోలే, నా బిడ్డ పోయినంక కూర వాసన కూడా తట్టుకోలే, ఈ పిల్ల భజ్జి అంటే ఏంది అని అడిగింది, అందుకే పోయిన, కుండ చూసిన గాని రాష్ట్రం చూడలే, తప్పు నాదే అన్నాను. రెండో ఫోటో భయపడి తీసినం, అది ఇంకా పెద్ద తప్పు అన్నాను. ఏడవలేదు.

అప్పుడు పెద్దాయన రాణిని అడిగాడు. నీకు ఈ ఇంట్ల ఎట్లున్నది అని. రాణి లేచి నిలబడింది. బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. మొదటి ఇల్లు డెబ్బై మార్కులు, టీవీ పెద్దది, మూడో నెల పెండ్లి. రెండో ఇల్లు అరవై, మూడో నెల వాళ్ళ అత్తకు ఆపరేషన్. మూడో ఇల్లు ఎనభై, ఆ ఆంటీ రోజూ తల దువ్వేది, మూడో నెల ఆమెకే కడుపొచ్చింది.

మరి ఈ ఇల్లు అన్నాడు పెద్దాయన.

ముప్పై నాలుగు సార్ అన్నది. మంచి మార్కులొచ్చిన ఇండ్లే తిప్పి పంపినయి, అందుకే దీనికి తక్కువ వేసిన అన్నది. ఈ ఇంట్ల మొదటి నెలనే పప్పుచారు సార్, తగ్గేటందుకు ఏం లేదు. పెండ్లి అయిపోయింది. ఆపరేషన్ చేయించుకునే అత్తలు లేరు. ఇంక నన్ను పంపాలంటే మీరే పంపాలె అన్నది.

పెద్దాయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, చాలా నిదానంగా. తర్వాత రాయించాడు. అనుమతి లేకుండా సరిహద్దు దాటినందుకు రాతపూర్వకంగా హెచ్చరిక. శుక్రవారం ఫోటో ఇంట్లోనే తీయాలి. పిల్ల అక్కడే ఉంటుంది, మళ్ళీ మార్చిలో చూస్తాం.

బయటికి వస్తే శనగ కట్ట సగం ఉన్నది. జవాను గింజలు నములుతున్నాడు.

బస్సులో, ఆ ఒక్క మార్కు ఎందుకు ఆపినవ్ బిడ్డా అని అడిగాను. కిటికీలోంచి చూస్తూ చెప్పింది. క్యాలెండర్ చిన్నది ఆంటీ, దాని వెనక గోడ మీద తెల్ల జాగ పెద్దది, ఆడ ఎవరో ఉన్నరు, నాకు చూపిస్తలేవు, నువ్వు రాసే బుక్కు మీద పేరు కూడ చదివిన అన్నది. ఇంట్ల ఎవరెవరు ఉన్నరో చెప్పకుంటే నేనెట్ల ఉండాలె అన్నది.

మేడంను ఫోన్లో అడిగాను. ఫోటో తీసేయమని నేనెప్పుడు చెప్పిన శాంతమ్మా అన్నది.

డిసెంబర్ 31

చీరల కింద నుంచి తీశాను. మళ్ళీ పెట్టాను.

జనవరి 4, ఆదివారం

ఈ రోజుతో మూడు నెలలు. చర్చి నుంచి వచ్చి చూస్తే రాణి బట్టలు అరలో ఉన్నాయి, కృప అరలో, అడ్డదిడ్డంగా. బ్యాగు వంటింట్లో గోడకు వేలాడుతున్నది. అందులో ఉల్లిగడ్డలు. గాలి తగుల్తది, కుళ్ళవు ఆంటీ అన్నది.

జనవరి 5

క్యాలెండర్ తీసి కృపను పెట్టాను. రాణి బడి నుంచి వచ్చి, గోడ దగ్గర నిలబడి, చాలాసేపు చూసింది.

అక్క పళ్ళు వంకర అన్నది.

అవును. వంకరే.